యాంటీవైరస్ కొనే ముందు

• డబ్బు కట్టే ముందు ఉన్నదేమిటో చూడండి. విండోస్ 10, 11లలో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ అనే యాంటీవైరస్ ఉచితంగానే వస్తుంది. స్టార్ట్ మెనూలో ‘విండోస్ సెక్యూరిటీ’ తెరిస్తే వైరస్ రక్షణ గుర్తు మీద ఆకుపచ్చ టిక్కు కనబడాలి. మామూలు ఇంటి వాడకానికి, నన్నడిగితే, అది చాలు.

• విండోస్ 10కి మామూలు మద్దతు, అంటే భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం, 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ లోటును ఎంత ఖరీదైన యాంటీవైరస్ అయినా పూర్తిగా పూడ్చలేదు.

• ఉచితమైనవన్నీ ధర్మానికి ఇచ్చేవి కావు. వాడకందార్ల బ్రౌజింగ్ వివరాలు అమ్మిన వ్యవహారంలో అవాస్ట్ అనే యాంటీవైరస్ కంపెనీ 2024లో అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీకి 1.65 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది.

• కొనేటట్లయితే తగ్గింపు ధర కాదు, రెండో ఏడాది ధర చూడండి. ఆటో రెన్యువల్ ఆపేయండి.

• ఒకేసారి రెండు యాంటీవైరస్‌లు వద్దు. క్రాక్ చేసినది (లైసెన్సు లేని దొంగ కాపీ) అసలే వద్దు.

• ఫొటోలను బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, వెంటనే తీగ ఊడదీయండి. తగిలించి ఉంచితే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ దాన్నీ వదలదు.