బీసెంట్ నగర్ తీరాన సూర్యోదయం: బ్రాకెటింగ్‌కు ముందు జాగ్రత్తలు

ఎలియట్స్ బీచ్‌లో కార్ల్ ష్మిట్ స్మారకాన్ని ఉదయపు ఎండకు ఎదురుగా తీస్తే ఆకాశమైనా వెలిసిపోతుంది, కమానైనా నల్లబడుతుంది. ఆటో ఎక్స్‌పోజర్ బ్రాకెటింగ్ (ఒకే దృశ్యాన్ని తక్కువ, సరిపడా, ఎక్కువ వెలుగులో వరుసగా తీసి, తర్వాత ఒకే ఫొటోగా కలపడం) అవసరమయ్యేది ఇక్కడే. చెన్నైలో ఉన్న మన ఫొటో మిత్రులు బయలుదేరే ముందు ఇవి చూసుకోండి.

• ఏసీ గదిలోని కెమెరాను నేరుగా తీరంలో బయటికి తీయకండి. ఉక్కపోతకు లెన్సు మీద తేమ పట్టేస్తుంది, తుడిచినా మళ్లీ పడుతుంది. అరగంట ముందే ఏసీ లేని చోట, సంచి మూసే ఉంచండి.

• అపర్చర్ ప్రయారిటీ (లెన్సు రంధ్రం పరిమాణం మనం ఎంచుకుంటే షట్టర్ వేగాన్ని కెమెరా చూసుకునే మోడ్), రంధ్రం ఎఫ్/8, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100. ఆటో ఐఎస్ఓ తప్పనిసరిగా ఆపాలి.

• మూడు షాట్లు: –2, 0, +2 స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు లేదా సగం). మధ్యదాని షట్టర్ వేగం 1/60 సెకను అయితే మిగిలినవి 1/250, 1/15. ఆ 1/15కు చేతిని నమ్ముకోవద్దు, ట్రైపాడ్ కావాలి. దాని కాళ్లను అలలు తాకని చోట ఇసుకలోకి గట్టిగా దించండి. అల వెనక్కి పోతూ కాళ్ల కింది ఇసుకను లాగేస్తే మూడు ఫొటోలూ ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చోవు.

• ఫోకస్ కుదిరాక మాన్యువల్‌కు మార్చండి. రా ఫైలు (కెమెరా కుదించని అసలు డేటా), రెండు సెకన్ల టైమర్ పెట్టండి.

• ఆప్టికల్ వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ణి అసలు చూడకండి. కంటికి ప్రమాదం. వెనుక తెర వాడండి.

• పని పూర్తికాగానే బ్రాకెటింగ్ ఆపండి. చాలా కెమెరాల్లో అది దానంతట అది ఆగదు.