ఒక్క పుస్తకంలో లేని రాజ్యాంగం: బ్రిటన్ పాఠాన్ని చదివే పద్ధతి

గ్రూప్-1కో, ఎల్‌ఎల్‌బీకో చదివేవాళ్లు మన రాజ్యాంగం అలవాటుతో బ్రిటన్ పాఠంలో కూడా ఆర్టికల్ నంబర్ల కోసం వెతుకుతారు. అక్కడ అవి దొరకవు. నియమాల్లో చాలావరకు రాసి ఉన్నవే, కాకపోతే ఒకచోట కూర్చి పెట్టలేదు. అందుకని ప్రతి నియమం దగ్గరా ఆగి నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఎక్కడినుంచి వచ్చింది? కోర్టు అమలు చేస్తుందా? ఎవరు మార్చగలరు? ఇవాళ అమల్లో ఉందా?

లాంగ్ నోట్‌బుక్ అడ్డంగా తిప్పి ఐదు గడులు గీయండి. మొదటి గడిలో నియమం, మిగతా నాలుగింట్లో ఈ జవాబులు. మూలాలు ముఖ్యంగా ఐదు: పార్లమెంటు చట్టాలు, కోర్టు తీర్పులు, రాజుకు మిగిలిన ప్రెరోగేటివ్ అధికారాలు (పార్లమెంటు చట్టం ఇవ్వకపోయినా రాజు పేరిట వాడేవి), సంప్రదాయాలు (కోర్టు అమలు చేయకపోయినా అందరూ పాటించే ఆనవాయితీలు), పార్లమెంటు తనకు తాను పెట్టుకున్న నియమాలు.

చట్టాలతో మొదలుపెట్టండి. ఇంగ్లండ్ రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 మాగ్నా కార్టా మీద వారం రోజులు పెట్టనక్కర్లేదు. ఇప్పటికీ అమల్లో ఉన్నవి 1297 ప్రతిలోని కొద్ది క్లాజులే. 1689 బిల్ ఆఫ్ రైట్స్‌కు మాత్రం తీరిగ్గా కూర్చోవాలి. పార్లమెంటు ఒప్పుకోకుండా రాజు పన్ను వేయకూడదు, చట్టాన్ని నిలిపివేయకూడదు, సభలో మాట్లాడిన మాట మీద బయటి కోర్టు విచారణ చేయకూడదు. వెలగపూడి అసెంబ్లీలో సభ్యుడి మాటకు ఆర్టికల్ 194(2) ఇచ్చే రక్షణ ఈ చివరి నియమం బాటలోదే.

1911, 1949 పార్లమెంటు చట్టాలను కలిపి చదవండి. మనీ బిల్లును ఎగువ సభ అయిన లార్డ్స్ సభ నెల రోజులకు మించి ఆపలేదు. మన రాజ్యసభకైతే 14 రోజులే. మిగతా బిల్లులను ఆపే గడువు మొదట రెండేళ్లు, 1949లో దాన్ని ఏడాదికి తగ్గించారు. పార్లమెంటు గడువును ఐదేళ్లకు మించి పెంచే బిల్లును మాత్రం లార్డ్స్ ఇప్పటికీ అడ్డుకోగలదు. పరీక్షలో చాలామంది వదిలేసే మినహాయింపు ఇదే.

1998 మానవ హక్కుల చట్టం దగ్గర ఎక్కువమంది తడబడతారు. నేలపాడులోని మన హైకోర్టు రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టాన్ని కొట్టేయగలదు. అక్కడి కోర్టు పార్లమెంటు చట్టాన్ని కొట్టేయలేదు. సెక్షన్ 4 కింద ‘హక్కులకు పొసగదు’ అని ప్రకటిస్తుంది, చట్టం మాత్రం అమల్లోనే ఉంటుంది. మార్చాల్సింది పార్లమెంటే.

అసలు చిక్కు సంప్రదాయాల దగ్గర వస్తుంది. 1998 స్కాట్లాండ్ చట్టం సెక్షన్ 28(8) చూడండి. స్కాట్లాండ్‌కు బదిలీ చేసిన విషయాల మీద అక్కడి పార్లమెంటు సమ్మతి లేకుండా లండన్ ‘సాధారణంగా’ చట్టం చేయదని అందులో ఉంది. ఆ మాట 2016లో చేర్చారు. చట్టంలోకి ఎక్కింది కాబట్టి కోర్టు అమలు చేస్తుందని అనిపిస్తుంది. బ్రెగ్జిట్ మీద వచ్చిన 2017 మిల్లర్ కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు అలా అనలేదు. ఆ సెక్షన్ సంప్రదాయాన్ని గుర్తించిందే తప్ప కోర్టు అమలుచేసే నియమంగా మార్చలేదని చెప్పింది. ఈ ఒక్క సెక్షన్‌తో నాలుగు గడులూ నింపగలిగితే పాఠం పట్టుబడినట్టే.

దీని పక్కనే 2019 సెప్టెంబర్ 24 తీర్పు పెట్టుకోండి. పార్లమెంటును దాదాపు ఐదు వారాలు ప్రొరోగ్ చేయమని (సమావేశాలు ముగించి మూసి ఉంచమని) ప్రధాని రాణికి ఇచ్చిన సలహా చెల్లదని 11 మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా అన్నారు. ప్రెరోగేటివ్ అధికారానికి హద్దు ఎక్కడుందో కోర్టు చెప్పగలదన్నమాట.

విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకం కొంటే ముందు ముద్రణ సంవత్సరం చూడండి. 2009 అక్టోబర్‌కు ముందువి లార్డ్స్ సభనే అత్యున్నత న్యాయస్థానంగా చెబుతాయి. 2011 తర్వాత, 2022కు ముందు వచ్చినవైతే ఎన్నికలు నిర్ణీత గడువుకే జరగాలనే చట్టాన్ని వివరిస్తాయి, దాన్ని 2022లో రద్దు చేశారు. యూరోపియన్ చట్టాలకు బ్రిటన్‌లో చోటిచ్చిన 1972 యూరోపియన్ కమ్యూనిటీస్ చట్టం కూడా ఇప్పుడు లేదు.

చట్టం పాఠానికి బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటు లెజిస్లేషన్.గవ్.యూకే ఉచితం. ‘ఒరిజినల్’ కాకుండా ‘లేటెస్ట్ అవైలబుల్’ నొక్కాలి. పైనున్న మార్పుల పెట్టె తెరిచి, ఇంకా పాఠంలో చేర్చని సవరణలు ఉన్నాయేమో చూడాలి. ఆ చట్టం స్కాట్లాండ్‌కూ వర్తిస్తుందా అన్నది కూడా సరిచూసుకోవాలి. 1689 అని కొడితే బిల్ ఆఫ్ రైట్స్ రాకపోవచ్చు. పాత తేదీల లెక్కన అది అక్కడ 1688 కింద, రాచరిక వారసత్వాన్ని తేల్చిన 1701 సెటిల్‌మెంట్ చట్టం 1700 కింద ఉంటాయి.