మెత్త మూతి కుట్టేముందు ఒకసారి చూసుకోండి

ఎండలు ముదిరి బూరుగు కాయలు పగులుతున్నాయి. మన నల్గొండ, పాలమూరు ఇళ్లల్లో చేత్తో మెత్తలు, అంటే దిండ్లు, కుట్టుకునే రోజులు ఇవే.

సూదులు లెక్కపెట్టండి. ఎన్ని తీసి పని మొదలుపెట్టారో, గుండుసూదులతో సహా అన్నీ చేతికి రావాలి. దూదిలో కలిసిన సూది పసిపిల్ల చెంపకు గుచ్చుకునేదాకా తెలియదు. ఒక్కటి తగ్గినా మొత్తం విప్పి వెతకాల్సిందే. విప్పడానికి బద్ధకించొద్దు, దండం పెట్టి చెప్తున్న. అయస్కాంతం తిప్పితే తొందరగా దొరుకుతుంది.

దూది లోపలిదాకా ఎండాలి. పైన వేడిగా తగిలినా ముద్ద నడుమ తడి ఉంటే బూజు పడుతుంది, ఆ వాసన మళ్లీ పోదు. మిద్దె మీద ఆరబెట్టేటప్పుడు పాత చీర కప్పండి, బూరుగు దూది గాలికి ఆగదు.

గింజలు ఏరండి. వాటి నూనెకు గుడ్డ మీద మరక పడుతుంది, ఎలుకలూ కొరుకుతాయి.

పొయ్యి, అగరొత్తి దగ్గర దూది విప్పొద్దు. నిప్పురవ్వ పడితే చాలు, భగ్గుమంటుంది.

ముక్కుకు గుడ్డ కట్టుకోండి, నూగు లోపలికి పోతే దగ్గు పట్టుకుంటుంది.

లోపలి సంచికి దట్టమైన నేత గుడ్డే వాడండి. నారాయణపేట పాత చీర పైగలీబుకు ఎంతో అందం, కానీ అరిగిన నేతలోంచి దూది బయటికొస్తుంది. కొత్త గుడ్డైతే ముందే తడిపి ఆరేయండి, తర్వాత ఉతికితే కుంచించుకుపోతుంది.

దూది కూరడానికి జానెడు మూతి వదిలితే సరిపోతుంది. ముందు మూలలు నింపండి, నడుమ తర్వాత. మూతికి రెండు పేటల దారంతో వెనక్కి మళ్లించే కుట్టు వేయండి, ఒక పోగు తెగినా మిగతాది ఊడదు.