క్వెరీ ప్లాన్ చూసే ముందు జాగ్రత్తలు (పోస్ట్‌గ్రెస్ డేటాబేస్)

మధురవాడ ఆఫీసు నుంచి లైవ్ డేటాబేస్ మీద ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ (క్వెరీని డేటాబేస్ ఏ దారిలో నడిపిందో, అంటే దాని ప్లాన్‌ను చూపే కమాండ్) కొట్టే ముందు ఇవి చూసుకోండి.

• ఎనలైజ్ అంటే క్వెరీ నిజంగానే నడుస్తుంది. అప్‌డేట్, డిలీట్ అయితే బిగిన్‌తో మొదలెట్టి రోల్‌బ్యాక్‌తో (మార్పులన్నీ రద్దు చేసి) ముగించండి. సీక్వెన్స్ నంబర్లు (వాటంతట అవే పెరిగే ఐడీలు) మాత్రం వెనక్కి రావు. స్టేట్‌మెంట్ టైమౌట్ (క్వెరీ అంతకు మించి నడిస్తే ఆపేసే గడువు) 30 సెకన్లు పెట్టుకోండి.

• 200 వరుసల టెస్ట్ టేబుల్ మీద చూడొద్దు. అంత చిన్నదానికి ఇండెక్స్ ఉన్నా సీక్వెన్షియల్ స్కానే (టేబుల్ మొత్తం వరుసగా చదవడమే) చౌక.

• క్వెరీలోని షరతు ప్లాన్‌లో ఎక్కడ పడిందన్నదే అసలు సంగతి. ఆస్తి పన్ను టేబుల్‌లో జోన్, తేదీ వరుసలో ఒకే ఇండెక్స్ ఉందనుకోండి. ‘జోన్ = గాజువాక’ అన్నది ఇండెక్స్ కండ్ కింద కనిపిస్తే వెతుకులాట ఇండెక్స్‌లోనే. ఫిల్టర్ కింద ఉంటే వరుసలు తెచ్చాక పారేస్తోంది. ఎన్ని పారేసిందో ‘రోస్ రిమూవ్డ్ బై ఫిల్టర్’ చెబుతుంది. అది ఒక్కో లూప్‌కి (ప్లాన్‌లోని ఆ స్టెప్ ఒక్కసారి నడవడానికి) సగటు, లూప్స్‌తో గుణించాలి.

ఇక్కడో తిరకాసు ఉంది. జోన్ లేకుండా తేదీ ఒక్కటే ఇచ్చినా ఇండెక్స్ కండ్ అనే చూపించొచ్చు, కానీ పోస్ట్‌గ్రెస్ 18కి ముందు వెర్షన్లలో ఇండెక్స్ మొత్తం తిరగేస్తుంది. పేరు చూసి మురిసిపోకుండా బఫర్స్ (ఎన్ని డేటా పేజీలు చదివిందో చూపే ఆప్షన్) ఆన్ చేసి పేజీలు లెక్కపెట్టండి.

• టైమ్‌స్టాంప్ కాలమ్‌ను డేట్ ఫంక్షన్‌లో చుట్టారా? మామూలు ఇండెక్స్ పనికిరాదు. ‘ఈ రోజు మొదలు, రేపటికి ముందు’ అని రెండు హద్దులుగా రాయండి. బిగింట్ (పూర్ణ సంఖ్యల) కాలమ్‌ను న్యూమరిక్ (దశాంశ రకం) విలువతో పోల్చినా ఇదే గతి.

• ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌కు (ఒకసారి సిద్ధం చేసుకుని, విలువలు మార్చి మళ్లీ మళ్లీ నడిపే క్వెరీకి) మొదటి 5 సార్లు కస్టమ్ ప్లానే (ఇచ్చిన విలువలను చూసి వేసేది). జెనరిక్ ప్లాన్‌కు (విలువలు చూడకుండా వేసేదానికి) మారితే ఆ తర్వాతే. అందుకే 6 సార్లు నడిపి చూడండి.