ట్రైలర్ తగిలించే ముందు

బెంగళూరు పక్కనున్న బొమ్మసంద్ర నుంచి సేలం వైపు లోడు లాగే డ్రైవర్ అన్నలూ, డీజిల్ ఇంజిన్‌కు బలముందని ధీమా వద్దు.

- వట్టి చాసిస్ (అడుగు చట్రం), క్యాబిన్‌తో కొన్న బండికి తర్వాత కట్టించిన బాడీ బరువూ లెక్కే. ఖాళీ బండిని ముందు కాటా వేయించండి. బండి, ట్రైలర్, సరుకు కలిపి కంపెనీ చెప్పిన బరువు దాటకూడదు.
- ట్రైలర్‌ను తగిలించే పిన్ను, గొలుసులు, లైట్లు చూసుకోండి.
- ట్రైలర్ బ్రేకుల గాలి పైపులు తగిలించాక ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే, ఇంకొకరు జాయింట్ దగ్గర చెవి పెట్టండి. సన్నగా 'సుస్సు'మన్నా బయల్దేరొద్దు.
- ధర్మపురి దాటాక తొప్పూరు ఘాట్. దిగకముందే చిన్న గేరు వేసి, ఎగ్జాస్ట్ బ్రేక్ (ఇంజిన్ పొగను అడ్డగించి బండి వేగం తగ్గించేది) ఆన్ చేయండి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేవాళ్లను చూస్తే నాకు గుండె దడ. భారమంతా బ్రేకుల మీదే పడి, బ్రేకు లైనర్లు వేడెక్కాక పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు.