దూరప్రయాణ విమాన మార్గాన్ని సంస్థ ఎత్తివేస్తే ఏం చేయాలి? మహమ్మారి కాలం నేర్పిన క్రమం

2020 మార్చిలో, రెండు మూడు వారాల వ్యవధిలోనే, ప్రపంచంలోని పెద్ద విమానయాన సంస్థలు తమ సుదూర సర్వీసులను వరుసగా నిలిపివేశాయి. సింగపూర్ నుంచి అమెరికాలో న్యూయార్క్ పక్కనున్న నెవార్క్‌కు ఎక్కడా ఆగకుండా వెళ్లే సర్వీసు ఆగింది, ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి నేరుగా లండన్ చేరే సర్వీసు ఆగింది, ఎమిరేట్స్ అయితే మార్చి 25 నుంచి తన ప్రయాణికుల సర్వీసులను దాదాపు పూర్తిగా ఆపేసింది. ఆ ఏడాది అంతర్జాతీయ విమాన ప్రయాణాలు 2019తో పోలిస్తే 75 శాతానికి పైగా పడిపోయాయని అంతర్జాతీయ విమానయాన సంస్థల సంఘం ఐయాటా లెక్కగట్టింది. టికెట్లు కొని ఉన్నవారిలో కొందరు కొద్ది వారాల్లోనే డబ్బు వెనక్కి తెచ్చుకోగలిగారు. మరికొందరు అదే విమానానికి అదే ధర చెల్లించి కూడా గడువు తీరిన వోచర్లతో మిగిలిపోయారు. రద్దు వార్త చెవిన పడగానే ఎవరు ఏ పని ముందు చేశారన్నదాన్ని బట్టే చాలావరకు ఈ తేడా వచ్చింది. మహమ్మారి వల్లనే కాదు, యుద్ధంతో గగనతలం మూతపడినా, నష్టాలు భరించలేక సంస్థ ఒక మార్గాన్ని వదులుకున్నా ఇదే క్రమం పనికొస్తుంది కనుక దానిని వివరంగా చెబుతాను.

అన్నిటికంటే ముందు పాటించవలసింది ఒక్కటే: విమానం ఎగరదని మీకు గట్టిగా అనిపిస్తున్నా, సంస్థ రద్దు చేసేదాకా మీ అంతట మీరు టికెట్ రద్దు చేసుకోకండి. మీరు రద్దు చేసుకుంటే ఆ టికెట్‌కు వర్తించేది మీరు కొన్న చార్జీ షరతు మాత్రమే, చౌక టికెట్లలో ఆ షరతు సాధారణంగా రీఫండ్ లేదనే చెబుతుంది. అదే సంస్థ రద్దు చేస్తే, షరతులు ఎలా ఉన్నా చాలా దేశాల చట్టం డబ్బు వెనక్కి ఇవ్వమంటుంది. 2020 ఏప్రిల్‌లో భయంతో జూన్ ప్రయాణాలను రద్దు చేసుకున్నవారిలో ఎందరో, అదే విమానాన్ని సంస్థ స్వయంగా తర్వాత రద్దు చేసినప్పుడు, తమ టికెట్ అప్పటికే వోచర్‌గా మారిపోయిందని తెలిసి బాధపడ్డారు. ఇంత ఆలస్యంగా ఎందుకు రద్దు చేస్తారని వారు కోపగించుకోవడంలో న్యాయముంది. కానీ మీరు ఆగవలసింది కూడా అందుకే. అయితే ఈ నిరీక్షణకు ఒక హద్దు ఉంది. విమానం బయలుదేరే సమయం వరకూ టికెట్‌ను అలాగే వదిలేసి, విమానం నిజంగానే ఎగిరిపోతే, మీరు రాని ప్రయాణికుల జాబితాలో చేరి ఉన్నదంతా పోగొట్టుకుంటారు. కనుక మార్పులు చేసుకునే చివరి గడువు ఎప్పుడో చార్జీ నిబంధనల్లో చూసి, ఆ గడువుకు ఒక రోజు ముందు తుది నిర్ణయం తీసుకోండి.

ఒక మార్గం ప్రమాదంలో ఉందో లేదో ముందే కొంతవరకు పసిగట్టవచ్చు. సుదూర విమానం నిండేది ఆ రెండు నగరాల మధ్య ప్రయాణించేవారితో మాత్రమే కాదు; చుట్టుపక్కల ఊళ్ల నుంచి చిన్న విమానాల్లో వచ్చి అక్కడ మారేవారే అందులో పెద్ద భాగం. పొరుగు దేశాల సరిహద్దులు మూతపడితే ఆ ప్రవాహం ఎండిపోతుంది, ఇంధనం, సిబ్బంది ఖర్చు మాత్రం తగ్గదు. అందుకే నాలుగు ఇంజన్ల పెద్ద విమానాలతో నడిచే మార్గాలు తొందరగా దెబ్బతిన్నాయి. 2020 మేలో ఎయిర్ ఫ్రాన్స్ తన ఏ380 విమానాలన్నింటికీ, జూలైలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ తన 31 బోయింగ్ 747లకూ శాశ్వతంగా సెలవు ప్రకటించాయి. విమానమే పోయాక ఆ మార్గం పాత రూపంలో తిరిగి వస్తుందని ఆశించడానికి వీలుండదు. సరకు రవాణా బాగా ఉన్న మార్గాలు మాత్రం నిలదొక్కుకున్నాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2020 నవంబరులో అమెరికా తూర్పు తీరానికి నేరు సర్వీసును తిరిగి మొదలుపెట్టినప్పుడు, ప్రయాణికులతో పాటు సరకు కూడా దొరుకుతుందని నెవార్క్‌ను వదిలి న్యూయార్క్ కెనడీ విమానాశ్రయాన్ని ఎంచుకుంది. మీ ఇంట్లో కూర్చుని చేయగల పరీక్ష ఒకటుంది. మీ విమానం నంబరుతో మీ తేదీకి అటూ ఇటూ వారం రోజుల టికెట్లు సంస్థ వెబ్‌సైట్లో వెతకండి. వారానికి ఏడు రోజులు నడిచేది మూడు రోజులకే కనిపిస్తున్నా, మీ తేదీకి ఏ తరగతిలోనూ సీటు అమ్మకానికి లేకపోయినా, ప్రకటన రావడమే తరువాయి అనుకోండి. టికెట్లు అమ్ముతున్నంత మాత్రాన విమానం ఎగురుతుందన్న భరోసా లేదని కూడా ఆ ఏడాది అందరికీ తెలిసివచ్చింది.

ఆ ప్రకటన చాలాసార్లు రద్దు అన్న మాటతో రాదు. నా ప్రయాణంలో మూడు విమానాలు ఉండగా, మధ్యలోని పదమూడు గంటల విమానాన్ని సంస్థ ఎత్తేసి, ‘మీ ప్రయాణ షెడ్యూల్‌లో చిన్న మార్పు’ అనే శీర్షికతో ఈమెయిల్ పంపింది. కింద ఆకుపచ్చ రంగులో ‘అంగీకరిస్తున్నాను’ అనే బటన్ పెద్దదిగా ఉంది. ఇతర అవకాశాల కోసం ఫోన్ చేయమన్న వాక్యం దానికి దిగువన బూడిద రంగు చిన్న అక్షరాల్లో ఉంది. కొత్త షెడ్యూల్ ప్రకారం నేను మధ్య విమానాశ్రయంలో ఇరవై ఆరు గంటలు గడపాలి, ఆ దేశం అప్పుడు విదేశీయులను విమానాశ్రయం దాటి బయటకు రానివ్వడం లేదు. ఆ బటన్ నొక్కి ఉంటే మార్పుకు నేను ఒప్పుకున్నట్టే లెక్క, రీఫండ్ అడిగే హక్కు అక్కడితో ముగిసేది. అటువంటి సందేశం వచ్చినప్పుడు దేనినీ నొక్కకుండా ముందు తెర ఫోటో తీసి, ఈమెయిల్‌ను పీడీఎఫ్‌గా దాచుకుని, పాత షెడ్యూల్ ఉన్న అసలు ఈ-టికెట్‌ను దాని పక్కన పెట్టి సమయాలను పోల్చి చూడండి.

తరువాత టికెట్‌ను జాగ్రత్తగా చదవండి. ఆరు అక్షరాల పీఎన్‌ఆర్ మీ రిజర్వేషన్‌ను మాత్రమే సూచిస్తుంది. డబ్బు ఉండేది పదమూడు అంకెల టికెట్ నంబరులో. ఆ నంబరులోని మొదటి మూడు అంకెలు టికెట్ జారీ చేసిన సంస్థను తెలుపుతాయి. ఉదాహరణకు 618 అయితే సింగపూర్ ఎయిర్‌లైన్స్, 176 అయితే ఎమిరేట్స్, 098 అయితే ఎయిర్ ఇండియా. రెండు సంస్థల విమానాలు కలిసిన టికెట్‌లో రద్దయిన విమానం ఒకరిది, టికెట్ జారీ చేసింది మరొకరు అయినప్పుడు, ఇద్దరూ మిమ్మల్ని ఒకరి దగ్గరికి మరొకరు పంపుతూ ఉంటారు. రీఫండ్ కోసం టికెట్ జారీ చేసిన సంస్థనే పట్టుకోండి. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మీ విమానం స్థితి కోడ్ ఏమిటని అడగడం కూడా మంచిది. హెచ్‌కే అంటే సీటు ఖరారై ఉందని, యూఎన్ అంటే ఆ విమానం నడవడం లేదని అర్థం. ఎదుటివారు యూఎన్ అని ఒప్పుకున్నాక, రద్దు చేసింది మీరే కదా అనే వాదనకు చోటుండదు.

ఇప్పుడు డబ్బా, ప్రయాణమా అన్నది తేల్చుకోవాలి. ప్రయాణం తప్పనిసరైతే ఫోన్ చేసే ముందే మీకు కావలసిన ప్రత్యామ్నాయ విమానాలను నంబర్లతో సహా కాగితం మీద రాసుకోండి. ‘ఏదో ఒకటి చూడండి’ అంటే సంస్థకు అనువైనదే దొరుకుతుంది. ‘ఫలానా భాగస్వామి సంస్థ విమానంలో ఫలానా తేదీకి సీట్లు కనిపిస్తున్నాయి, నా టికెట్‌ను దానికి మార్చండి’ అంటే ఫోన్ ఎత్తిన ఉద్యోగికి కూడా పని సులువవుతుంది. మారిన మార్గం మీద ఏ దేశాలు పడుతున్నాయో, అక్కడ ట్రాన్సిట్ వీసా (విమానం మారడానికి మాత్రమే ఇచ్చే అనుమతి) కావాలో అక్కర్లేదో అదే కాల్‌లో చూసుకోవాలి, ఎందుకంటే సంస్థ దీనిని మీ కోసం చూడదు. పెర్త్–లండన్ సర్వీసు 2021 నవంబరులో తిరిగి మొదలైనప్పుడు, పశ్చిమ ఆస్ట్రేలియా సరిహద్దు ఆంక్షల వల్ల అది డార్విన్ మీదుగా నడిచింది. 2022 మేలో కానీ పెర్త్‌కు తిరిగి రాలేదు. మార్గం బతికే ఉందని చెప్పినా, అది మీ ఊరి నుంచి బయలుదేరుతుందో లేదో అడగవలసిందే. తొందరలో రెండు వేర్వేరు టికెట్లు కొని దారి కలుపుకోవడం మాత్రం నేను ఎవరికీ సూచించను. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, ఆ రెండో సంస్థకు మీ పట్ల ఏ బాధ్యతా ఉండదు.

డబ్బే కావాలనుకుంటే ఏ చట్టం వర్తిస్తుందో తెలుసుకుని, దాని పేరు చెప్పి అడగండి. యూరోపియన్ యూనియన్ నుంచి బయలుదేరే ప్రతి విమానానికీ, అక్కడి సంస్థలు నడిపితే అక్కడికి వచ్చే విమానాలకూ 261/2004 నిబంధన వర్తిస్తుంది. దాని ప్రకారం రద్దయిన టికెట్ డబ్బు ఏడు రోజుల్లో ఇవ్వాలి, వోచర్ తీసుకోవాలంటే ప్రయాణికుడు ఒప్పుకోవాలి. మహమ్మారి కాలంలోనూ ఇది మారలేదని యూరోపియన్ కమిషన్ 2020లోనే స్పష్టం చేసింది. అమెరికా రవాణా శాఖ 2020 ఏప్రిల్ 3న, రద్దుకు కారణం సంస్థ చేతుల్లో లేకపోయినా రీఫండ్ ఇవ్వాల్సిందేనని నోటీసు ఇచ్చింది. 2024 నాటి నిబంధనలో అంతర్జాతీయ విమానం ఆరు గంటలు లేదా అంతకు మించి ముందుగా బయలుదేరేలా గానీ, ఆలస్యంగా చేరేలా గానీ మారితే అది కూడా రీఫండ్‌కు అర్హమని రాసింది. భారత సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 1 తీర్పులో ఆర్థిక ఇబ్బందుల్లో ఉన్న సంస్థలకు 2021 మార్చి 31 దాకా క్రెడిట్ షెల్ (టికెట్ డబ్బును తర్వాతి ప్రయాణానికి వాడుకునేలా సంస్థ దగ్గరే జమ ఉంచడం) ఇచ్చే వెసులుబాటు కల్పిస్తూనే, దానిని మరొకరికి బదిలీ చేసుకునే వీలు, నెలనెలా దాని విలువ కొంత పెరిగే ఏర్పాటు కూడా చేసింది. కెనడాలో మాత్రం సంస్థ అదుపులో లేని రద్దులకు రీఫండ్ తప్పనిసరి చేసే నిబంధన 2022 సెప్టెంబరు దాకా రాలేదు, అక్కడి ప్రయాణికుల ఆగ్రహం అందుకే అంత తీవ్రంగా కనిపించింది.

వోచర్ తీసుకోవడం ప్రతిసారీ తప్పు కాదు. టికెట్ ధర కంటే ఎక్కువ విలువ ఇస్తూ, సంస్థ నిలకడగా ఉండి, మీకు తిరిగి ప్రయాణించే అవసరం ఉంటే తీసుకోవచ్చు. కానీ గడువు లోపల టికెట్ కొంటే చాలా, లేక ప్రయాణం కూడా ముగించాలా అన్నది రాతపూర్వకంగా అడగండి. ఎక్కువ మంది మోసపోయినట్టు భావించింది ఇక్కడే. సంస్థ ఆ మార్గానికే తిరిగి వస్తుందా అన్నదీ ఆలోచించండి. నార్వేజియన్ విమానయాన సంస్థ 2021 జనవరిలో సుదూర సర్వీసులను పూర్తిగా వదిలేసింది. అట్లాంటిక్ దాటాలనుకునే మనిషికి, అట్లాంటిక్ దాటని సంస్థ వోచర్ ఏం ఉపయోగం?

టికెట్ ఏజెంటు ద్వారా లేదా బుకింగ్ వెబ్‌సైట్ ద్వారా కొని ఉంటే డబ్బు వచ్చిన దారినే వెనక్కి పోతుంది, అంటే సంస్థ ఏజెంటుకు, ఏజెంటు మీకు. డబ్బు ఇంకా తనకు రాలేదని ఏజెంటు అంటే, ఆ టికెట్ నంబరు మీద రీఫండ్ ఏ తేదీన జారీ అయిందని సంస్థను అడిగి ఆ తేదీని ఏజెంటు ముందు పెట్టండి.

అడిగిన గడువు దాటినా జవాబు లేకపోతే కార్డు ఇచ్చిన బ్యాంకును ఆశ్రయించండి. అందని సేవకు చార్జ్‌బ్యాక్ (కార్డుతో కట్టిన డబ్బును బ్యాంకు ద్వారా వెనక్కి రాబట్టడం) కోరడానికి సాధారణంగా ప్రయాణ తేదీ నుంచి 120 రోజుల వ్యవధి ఉంటుంది, కనుక సంస్థ ‘కొంచెం ఓపిక పట్టండి’ అంటూ నెలలు గడిపేస్తుంటే ఆ వ్యవధి కరిగిపోతుందని మరవకండి. సంస్థ దివాలా రక్షణ కోరినప్పుడు ఈ దారి మరింత విలువైనది. 2020 మేలో ఏవియాంకా, లాటామ్, జూన్‌లో ఏరోమెక్సికో అమెరికా దివాలా చట్టం కింద రక్షణ కోరాయి; అటువంటి స్థితిలో నేరుగా సంస్థను అడిగే ప్రయాణికుడు ఇతర రుణదాతలతో పాటు వరుసలో నిలబడవలసి రావచ్చు.

చివరి మెట్టు ప్రభుత్వ నియంత్రణ సంస్థకు ఫిర్యాదు. 2019లో అమెరికా రవాణా శాఖకు విమాన ప్రయాణికుల ఫిర్యాదులు పదిహేను వేల పైచిలుకు వచ్చాయి. 2020లో అవి లక్ష దాటాయి, అందులో అత్యధికం రీఫండ్ గురించే. గంటల తరబడి ఫోన్‌లో సంగీతం వింటూ కూర్చున్నవారి కోపం వృథా కాలేదు. 2022 నవంబరులో ఆ శాఖ ఆరు సంస్థల చేత ప్రయాణికులకు 60 కోట్ల డాలర్లకు పైగా తిరిగి చెల్లింపజేసినట్టు ప్రకటించింది. ఫిర్యాదులో మీ బాధనంతా రాయాలనిపించడం సహజమే, కానీ టికెట్ నంబరు, కొన్న తేదీ, రద్దు సందేశం వచ్చిన తేదీ, రీఫండ్ అడిగిన తేదీ, వచ్చిన జవాబు, కోరుతున్న మొత్తం, ఇవి ఒక పేజీలో వరుసగా ఉంటే దానిని చదివే అధికారి అదే రోజు సంస్థను వివరణ అడగగలడు.

డబ్బు ఖాతాలో పడిన రోజున కూడా లెక్క చూసుకోవాలి. సీటు ఎంపికకు, అదనపు బ్యాగేజీకి విడిగా కట్టిన రుసుములకు సాధారణంగా టికెట్ నంబరు కాక వేరే రసీదు నంబర్లు ఉంటాయి, టికెట్ రీఫండ్‌తో ఆ రుసుములు చాలాసార్లు తమంతట తాము రావు. నాకు టికెట్ డబ్బు తొమ్మిది వారాలకు అందింది. ముందు వరుస సీటుకు కట్టిన రుసుము కోసం ఆ రెండో రసీదు నంబరుతో మళ్లీ దరఖాస్తు చేస్తే ఇంకో నెలకు వచ్చింది.