రాత్రి చదివింది పొద్దున వార్డులో ఎందుకు పనికిరావట్లేదు? అనాటమీ, ఫార్మా, ఆర్థో డౌట్లకి సమస్య - పరిష్కారం

కర్నూలు హాస్టల్లో కనపడినా, అనంతపురం నుంచో కడప నుంచో ఫోన్ చేసినా జూనియర్లు అడిగేవి తిప్పి తిప్పి ఇవే, ప్రతిసారీ చెప్పడం కంటే ఒకచోట రాసిపెడితే నయమని రాస్తున్నా. మీకు తగిలే ముక్క చదువుకోని పోండి.

సమస్య 1: "అన్నా, బ్రాకియల్ ప్లెక్సస్ కళ్లు మూసుకుని గీస్తా, కానీ పేషెంట్ చెయ్యి చూస్తే ఏ నర్వ్ పోయిందో చెప్పలేను"

కారణం: బ్రాకియల్ ప్లెక్సస్ అంటే మెడ నుంచి చేతికి పోయే నరాల అల్లిక, మీరు నేర్చుకున్నది పేపర్ మీద. 5 రూట్లు, 3 ట్రంకులు, 6 డివిజన్లు, 3 కార్డులు అని జపం చేస్తే మార్కులు పడతాయి గానీ, ఆ నర్వ్ ఎముకని యాడ ఆనుకొని పోతుందో తెలీకపోతే దెబ్బ ఎక్కడ తగిలిందో ఎట్లా పట్టుకుంటారు?

ఫిక్స్: పెన్ను తీసుకుని రూమ్మేట్ ఒంటి మీదే గీయండి, టీ ఇప్పిస్తే ఒప్పుకుంటాడు. హ్యూమరస్ (భుజం నుంచి మోచెయ్యి దాకా ఉండే ఎముక) సర్జికల్ నెక్ దగ్గర యాక్సిలరీ, నడుమ స్పైరల్ గ్రూవ్‌లో రేడియల్, మోచేతి లోపలి గుబ్బ వెనక అల్నార్ (గోడకి తగిలితే కరెంట్ కొట్టినట్టు జుమ్మంటుందే, అదే), మోకాలి కింద బయటివైపు ఫిబులా మెడ చుట్టూ కామన్ పెరోనియల్. ఈ నాలుగు చోట్లు వేలితో తడిమి చూస్తే సగం డౌట్లు పోతాయి.

ఇప్పుడు "సార్, మణికట్టు పైకి లేస్తాలేదు" అని ఒకాయన వచ్చాడనుకోండి, రేడియల్ అని అందరూ అంటారు, కానీ ఎక్కడ అని ఎగ్జామినర్ అడిగితేనే నోరు పడిపోతుంది. మోచెయ్యి చాపమనండి. చాపగలిగితే దెబ్బ స్పైరల్ గ్రూవ్ దగ్గర, ఎందుకంటే మోచెయ్యి చాపే ట్రైసెప్స్‌కి పోయే ముఖ్యమైన కొమ్మలు గ్రూవ్‌లోకి రాకముందే విడిపోయాయి. చాపడం కూడా పోతే దెబ్బ ఇంకా పైన చంకలో, అప్పుడు చంక కర్ర వాడతాడేమో అడగండి. పాదం పైకి లేవనోడికి కూడా ఇదే రూలు, ఫిబులా మెడ దగ్గర పిండికట్టు బిగిసినా పెరోనియల్ నలుగుతుంది, శెనక్కాయ చేన్లో గంటల తరబడి గొంతుక్కూర్చొని కలుపు తీసినా నలగొచ్చు, కాబట్టి మన జిల్లాల్లో పని అడగకుండా కేస్ షీట్ రాయొద్దు.

సమస్య 2: "పిల్లోడు చెట్టు మీంచి పడి మోచెయ్యి వాచిపోయింది, సుప్రాకాండైలారా, డిస్‌లొకేషనా?"

సుప్రాకాండైలార్ అంటే మోచేతికి కాస్త పైన హ్యూమరస్ విరగడం, డిస్‌లొకేషన్ అంటే కీలు తప్పడం. మోచెయ్యి మడిచినప్పుడు రెండు ఎపికాండైల్సు (మోచేతి రెండు పక్కల గుబ్బలు), ఓలెక్రానాన్ (మోచేతి మొన) కలిపి త్రిభుజం అవ్వాలి, చాపినప్పుడు ఒకే గీత మీదికి రావాలి. ఆ లెక్క సరిగ్గా ఉంటే సుప్రాకాండైలార్, చెదిరితే డిస్‌లొకేషన్. ఇంతే. అసలు తప్పు దీని తర్వాత జరుగుతుంది.

మన వైపు చాలామంది ముందు నాటు కట్టు కట్టించుకునే వస్తారు, వెదురు బద్దలు, గుడ్డు సొన, మీద బిగించి గుడ్డ. పిల్లోడు ఏడుపు ఆపడు. జూనియర్ పల్స్ పట్టుకుని "రేడియల్ పల్స్ ఉందన్నా, ఏం కాలేదు" అంటాడు. కాదప్పా! గట్టి పొర లోపల కండలుండే అరని కంపార్ట్‌మెంట్ అంటారు, ఆ కంపార్ట్‌మెంట్‌లో ఒత్తిడి పెరిగినప్పుడు ముందు మూసుకునేది సన్న రక్తనాళాలు, పెద్ద ఆర్టరీ చివరిదాకా కొట్టుకుంటూనే ఉంటుంది, పల్స్ పోయేదాకా ఆగితే కండ చచ్చిపోయి వోక్‌మన్ కాంట్రాక్చర్‌తో చెయ్యి పంజాలా ముడుచుకుని వంకరపోతుంది.

ఫిక్స్: వేళ్లని మెల్లగా చాపి చూడండి, దానికే కేకేస్తే అదే గుర్తు. కట్టు, లోపలి దూదితో సహా చర్మం కనపడేదాకా కోసెయ్యాలి, మోచెయ్యి మడత తగ్గించాలి, చెయ్యి గుండె ఎత్తులోనే ఉంచాలి, ఎత్తుగా వేలాడదీస్తే రక్తం ఇంకా తగ్గుతుంది. నొప్పి తగ్గకపోతే ఫేషియాటమీ (ఆ గట్టి పొరని కోసి ఒత్తిడి వదిలించడం), సీనియర్‌ని లేపడానికి మొహమాటపడొద్దు, తిడితే తిట్టనీ. ఇంకో మాట, బొటనవేలు చూపుడువేలు కలిపి గుండ్రంగా సున్నా పెట్టమనండి, పెట్టలేకపోతే యాంటీరియర్ ఇంటరాసియస్ నర్వ్, వెనక్కి జరిగిన సుప్రాకాండైలార్‌లో ఎక్కువగా దెబ్బతినేది అదే.

సమస్య 3: "అవ్వ బాత్రూంలో పడింది, తుంటి దగ్గర ఏం విరిగిందో మంచం పక్కన నిలబడి ఎట్లా చెప్పాలి?"

పాదం చూడండి. పొట్టిగా అయి బయటికి తిరిగితే నెక్ ఆఫ్ ఫీమర్ (తొడ ఎముక మెడ), పాదం బయటి అంచు పరుపుని తాకేంత తిరిగితే ఇంటర్‌ట్రొకాంటరిక్ (ఆ మెడకి కాస్త కింద విరుపు). బైక్ యాక్సిడెంట్ కుర్రోడికి కాలు మడిచి లోపలికి తిరిగి ఉంటే పోస్టీరియర్ డిస్‌లొకేషన్.

సమస్య 4: "మందుల పేర్లు కలిసిపోతున్నాయి"

కారణం: లిస్టు చదవడం. మందు పేరు చివర వచ్చే తోకలు పట్టుకోండి, ప్రిల్, సార్టాన్, డిపైన్ (ఈ మూడూ బీపీవి), స్టాటిన్ (కొలెస్ట్రాల్‌ది). ప్రిల్ వేసుకున్నాయనకి పొడిదగ్గు వస్తే బ్రాడీకైనిన్ అనే పదార్థం విరగక పేరుకుపోయిందని అర్థం, సార్టాన్‌కి మారిస్తే తగ్గుతుంది. టీబీ మందులైతే పేషెంట్ మాటల్లో గుర్తుపెట్టుకోండి, "మూత్రం ఎర్రగా పోతాంది" రిఫాంపిసిన్ (ముందే చెప్పకపోతే రక్తమని భయపడి మందు మానేస్తారు), "కాళ్లు తిమ్మిర్లు" ఐసోనియజిడ్, పిరిడాక్సిన్ ఇవ్వండి, "రంగులు సరిగ్గా కనపడతాలేవు" ఇథాంబ్యుటాల్, ఆపి కళ్ల డాక్టరుకి చూపించండి.

అసలు చిక్కు ఆర్థో ఓపీలో. బీపీకి ప్రిల్, ఉబ్బుకి నీళ్ల మాత్ర వాడే పెద్దాయన మోకాలి నొప్పి అంటే మనం డైక్లోఫెనాక్ (నొప్పి మాత్ర) రాసేస్తాం. కిడ్నీలోకి రక్తం వచ్చే దారిని తెరిచి ఉంచేది ప్రోస్టాగ్లాండిన్, డైక్లో దాన్ని ఆపుతుంది, బయటికి పోయే దారిని బిగించి లోపల ఒత్తిడి నిలబెట్టేది యాంజియోటెన్సిన్ 2, ప్రిల్ దాన్ని ఆపుతుంది, నీళ్ల మాత్ర ఒంట్లో నీళ్లే తగ్గిస్తుంది, పైగా అనంతపురం మే నెల ఎండ. ఇవన్నీ కలిస్తే కిడ్నీ దెబ్బతింటుంది. ఆయనకి పారాసిటమాల్, కాపడం, తొడ కండరాల ఎక్సర్‌సైజులతో మొదలుపెట్టండి, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా డైక్లో రాయొద్దు.

సమస్య 5: "చెయ్యి ఆనించి పడ్డాడు, ఎక్స్‌రే నార్మల్, పంపించేయొచ్చా?"

బొటనవేలి కింద గుంట, స్నఫ్‌బాక్స్‌లో నొక్కితే నొప్పి ఉంటే పంపొద్దు. స్కాఫాయిడ్ (మణికట్టులోని చిన్న ఎముక) విరుపు మొదటి ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, కట్టేసి 10-14 రోజులకి మళ్లీ తీయండి. దీనికి రక్తం ఎక్కువగా వేళ్ల వైపు నుంచి వెనక్కి పోతుంది కాబట్టి, నడుమ విరిగితే ముంజేతి వైపు ముక్కకి రక్తం అందక చచ్చిపోతుంది.